చీటీ తీసిన చెయ్యి ఎవరిది?

వార్షిక సంచికకు ఒక వ్యాసం వ్రాయవలసిందని సంపాదకవర్గం వారు కోరినప్పుడు, ప్రబంధ నాయికలను గురించియో, పద్యశిల్పాన్ని గురించియో వ్రాస్తానని వారు ఊహించి ఉందురు. తెలుగు బోధించేవాడికి కంప్యూటరులో పుట్టే సంఖ్యలతో ఏమి పని అని విద్యార్థులు నవ్వుకొనవచ్చును కూడా. అయితే కొన్ని ప్రశ్నలు మన శాఖ ఏదో అడిగి రావు. అటువంటి ప్రశ్న ఒకటి కొన్ని ఏండ్ల క్రితం నా గది గుమ్మంలో వచ్చి నిలిచినది. నాటినుండి అది నన్ను వదలలేదు.

నేను ఇంతకు పూర్వం పనిచేసిన ఒక కళాశాలలో బాలికల వసతిగృహానికి ఇరవై స్థానాలే ఖాళీ ఉండగా అరవై దరఖాస్తులు వచ్చినవి. అందరూ పేదలే, అందరూ దూరప్రాంతాల వారే. ఎవరిని కాదనడానికీ న్యాయమైన కారణం కనబడలేదు. కావున చీటీలు వేయాలని నిశ్చయించారు. కాగితపు చీటీలు పాతకాలపు పద్ధతి అని తలచి, తెలివైన ఒక విద్యార్థిచేత జావాస్క్రిప్ట్‌లో ఒక చిన్న ప్రోగ్రాం వ్రాయించారు. మీట నొక్కితే పేర్లు కలగలిసి, మొదటి ఇరవై పేర్లు తెరపై వచ్చేవి. ఆ జాబితాను గోడకు అంటించారు.

మరునాడు గాజుల దుకాణంలో పనిచేసే ఒక తండ్రి నన్ను వెదకుకుంటూ వచ్చాడు. ఆయన కోపగించుకోలేదు, ఎవరినీ నిందించలేదు. "సార్, మా పాప పేరు రాలేదు. అల్లా రాయలేదనుకుంటాను, సర్దుకుంటాను. కానీ రాయనిది అల్లాయా, ఆ మిషనా, మీట నొక్కిన ఆ పిల్లవాడా? అదొక్కటి మీరు చెప్పండి" అన్నాడు. నేను ధైర్యంగా సమాధానం చెప్పబోయి ఆగిపోయాను. విచారించగా తెలిసినదేమనగా, మీట ఒకసారి కాదు, మూడుసార్లు నొక్కారు. మొదటిసారి ఒక పేరు రెండుమార్లు నమోదై ఉన్నదని, రెండవసారి ఒక పేరు జారిపోయినదని గుర్తించి, సరిదిద్ది, మూడవసారి వచ్చినదానిని ప్రకటించారు. మొదటి రెండు జాబితాలు ఎవరి వద్దా లేవు. మోసం జరిగినదని నేను అనను. జరగలేదనే నా నమ్మకం. కాని జరగలేదని నిరూపించడానికి మా చేతిలో ఏ ఆధారమూ లేకపోయినది. ఆ తండ్రికి నేను ఇచ్చినది ఓదార్పు మాత్రమే, జవాబు కాదు.

ఆ జవాబు కోసం నేను కంప్యూటరు శాఖ మిత్రుల వద్ద శిష్యరికం చేశాను. నేర్చుకొన్నదానిని విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

చీటీ వేయడం మానవులకు కొత్త కాదు. హక్కుదారులందరూ సమానులై, పంచవలసిన వస్తువు తక్కువైనప్పుడు, పక్షపాతానికి తావు లేకుండా తేల్చే మార్గమది. దానినే ఉర్దూలో ఖురా అంటారు. హజ్ కమిటీకి వచ్చిన దరఖాస్తులు కోటాను మించినప్పుడు యాత్రికులను ఎంపిక చేసేది ఖురా ద్వారానే. నేడు అది కంప్యూటరు మీద జరుగుచున్నది. కేంద్రీయ విద్యాలయాలలో ఒకటవ తరగతి ప్రవేశాలకు సైతం లాటరీ తీస్తారు. ఎన్నికల విధులకు వెళ్లిన అధ్యాపకులకు 'ర్యాండమైజేషన్' అనే మాట సుపరిచితమే; ఎవరు ఏ కేంద్రానికి పోవాలో కంప్యూటరే నిర్ణయిస్తుంది. ఇట్లు ఒకనాడు కుండలో చెయ్యిపెట్టి తీసిన చీటీ ఈనాడు యంత్రంలోనికి పోయినది. కుండలో చెయ్యి అందరికీ కనబడేది. యంత్రంలో చెయ్యి కనబడదు. చిక్కంతా ఇక్కడనే ఉన్నది.

యంత్రం చీటీ ఎట్లా తీస్తుంది? నిజానికి కంప్యూటరుకు యదృచ్ఛ అనేది తెలియదు. చెప్పినది చెప్పినట్లు చేయడమే దాని స్వభావం. అటువంటి దానిచేత 'తోచిన సంఖ్య చెప్పు' అని అడిగించడమే ఒక వింత. అందుకే గణితవేత్తలు ఒక ఉపాయం పన్నారు. ఒక సంఖ్యతో ప్రారంభించి, దానిని గుణించి, కూడి, భాగించి, శేషాన్ని తీసుకొని, ఆ శేషంతో మరల అదే పని చేయించారు. 1949లో లేమర్ అనే అమెరికా గణితవేత్త ప్రతిపాదించిన మార్గం ఈ కోవలోనిదే. చిన్న ఉదాహరణ చూడండి. 7తో మొదలుపెట్టి, 5చేత గుణించి, 7 కలిపి, 16చేత భాగిస్తే శేషం 10. ఆ 10తో అట్లే చేస్తే 9. తరువాత 4, ఆ పిమ్మట 11, 14, 13. చూచేవారికి ఈ వరుసలో క్రమమేదీ కనబడదు. కాని రహస్యం తెలిసినవానికి ఇందులో యదృచ్ఛ ఆవగింజంత కూడా లేదు. 7తో ఎప్పుడు మొదలుపెట్టినా 10, 9, 4, 11 అనే వరుసే వచ్చి తీరుతుంది. ఈ మొదటి సంఖ్యను బీజం అంటారు. బీజం తెలిసినవానికి వృక్షం తెలిసినట్లే. ఇటువంటి అంకగణితంతో యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించ బూనడం ఒక విధమైన పాపమేనని ఫాన్ నోయ్‌మన్ వంటి మేధావి 1951లోనే పరిహాసమాడాడు.

నేటి భాషలలో వాడే సూత్రాలు దీనికంటె ఎన్నో రెట్లు గంభీరమైనవి. అయినను జాతి ఒక్కటే. జావాస్క్రిప్ట్‌లో ప్రతి విద్యార్థీ మొదట నేర్చుకొనేది మ్యాథ్ డాట్ ర్యాండమ్. అది సున్నకు తగ్గకుండా, ఒకటికి చేరకుండా ఉండే ఒక దశాంశ సంఖ్యను ఇస్తుంది. దానిని ఏ సూత్రంతో పుట్టించాలో భాషా ప్రమాణం నిర్దేశించలేదు. బ్రౌజర్ తయారుచేసిన వారి ఇష్టానికి విడిచినది. గూగుల్ వారి వీ8 యంత్రాంగంలో చాలాకాలం వాడిన సూత్రం నాసిరకమని తేలగా 2015 చివరలో దానిని మార్చారు. మార్చిన సూత్రం మేలైనదే. అయినను వరుసగా వచ్చిన కొన్ని ఫలితాలు చూచి తరువాతి ఫలితాన్ని లెక్కగట్టడం నిపుణులకు అసాధ్యం కాదు. పీహెచ్‌పీ భాషలోని ఎమ్‌టీ ర్యాండ్ కూడా ఈ తెగకు చెందినదే. దానికి మూలమైన మెర్సెన్ ట్విస్టర్ సూత్రంలో వరుసగా 624 పూర్తి సంఖ్యలు చూచినవాడు ఆ పైన రాబోయేవన్నీ చెప్పగలడు. ఆటబొమ్మలను తెరపై కదిలించడానికి ఇవి చాలును. మనుషుల భాగ్యాన్ని తేల్చడానికి చాలవు.

దీనికి విరుగుడు లేకపోలేదు. మీటలు నొక్కే వేళల మధ్య అంతరం, పరికరాలలో పుట్టే విద్యుత్ సవ్వడి వంటి ఊహకందని సంగతులను పోగుచేసి, వాటినుండి సంఖ్యలు తీసే పద్ధతి ప్రతి ఆపరేటింగ్ సిస్టంలోను ఉన్నది. దానిని అందుకొనడానికి జావాస్క్రిప్ట్‌లో క్రిప్టో విభాగం వారి గెట్ ర్యాండమ్ వ్యాల్యూస్, పీహెచ్‌పీలో 2015 డిసెంబరులో వచ్చిన ఏడవ సంచికనుండి ర్యాండమ్ ఇంట్ ఉన్నవి. రహస్యపదాలకు, బ్యాంకు వారు పంపే ఓటీపీల వంటివాటికి వీటినే వాడవలెను. ఈ భేదం తెలియనందువల్ల ఎంతటివారు పొరపాటు పడ్డారో చెప్పడానికి ఒక ఉదంతం చాలును. 1995లో నెట్‌స్కేప్ బ్రౌజర్ తన రహస్య సంకేతాలకు బీజంగా గడియారపు వేళను, ఆ క్షణాన నడిచే ప్రక్రియల వరుససంఖ్యలను వాడుచుండెను. వాటిని ఊహించి ఆ తాళం తీయవచ్చునని కనిపెట్టి లోకానికి చాటినవారు ఏ పెద్ద సంస్థ ఉద్యోగులో కారు. బర్క్లీలో చదువుచుండిన ఇయాన్ గోల్డ్‌బర్గ్, డేవిడ్ వాగ్నర్ అనే ఇద్దరు విద్యార్థులు. మన విద్యార్థులు ఈ మాటను కొంచెం ఆగి మరల చదువుకోవలెనని నా కోరిక.

పొరపాటు ఒకటి, దురుద్దేశం మరొకటి. శకుని పాచికల కథ మనకు చిన్ననాటినుండి తెలిసినదే. పాచికలు వేసేవాడూ, వాటి మర్మం తెలిసినవాడూ ఒక్కడే అయితే ధర్మరాజుకు గతి లేదు. ఈ కథ మన కాలంలో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో మరల నడిచినది. ఎడీ టిప్టన్ అనేవాడు అనేక రాష్ట్రాల లాటరీలు నడిపే ఒక సంస్థలో సమాచార భద్రతాధికారి. కాపలాదారుడే అని అర్థం. సంఖ్యలు తీసే ప్రోగ్రాంలో అతడు కొన్ని పంక్తులు చేర్చి, సంవత్సరంలో కొన్ని ప్రత్యేక దినాలలో మాత్రం తాను ముందే లెక్కగట్టగల సంఖ్యలు వచ్చునట్లు చేశాడు. 2010 డిసెంబరు 29న తీసిన డ్రాలో 1 కోటి 65 లక్షల డాలర్ల బహుమతి అతడు కొన్న టికెట్టుకే తగిలినది. ఆ టికెట్టును తిన్నగా చూపలేక ఇతరులచేత డబ్బు అడిగించగా అనుమానం పుట్టి, సొమ్ము ఆగిపోయి, సంవత్సరాల విచారణ తరువాత గుట్టు బయటపడినది. 2017లో అతడు నేరం ఒప్పుకొనగా 25 ఏండ్ల వరకు శిక్ష విధించారు. బహుమతి అత్యాశ వల్ల దొరికిపోయాడు కాని, యంత్రాన్ని చూచినవారికెవరికీ ఆ మోసం పైకి కనబడలేదని మనం గ్రహించవలెను.

దురుద్దేశం లేనిచోట కూడా అన్యాయం జరుగుతుంది. అది మరింత సూక్ష్మమైనది. నేను చెప్పిన వసతిగృహం జాబితానే తీసుకొందాము. ఆ విద్యార్థి పేర్లను కలగలపడానికి ఒక సులువైన మార్గం పట్టాడు. పేర్లను అకారాది క్రమంలో అమర్చే సాధనం ఒకటి ఆ భాషలో ఉన్నది. అది రెండేసి పేర్లను పోల్చి ఏది ముందు అని అడిగినప్పుడెల్లా, నాణెం ఎగురవేసినట్లు తోచిన జవాబు ఇమ్మన్నాడు. వినడానికి ఎంతో న్యాయంగా ఉన్నది. కాని లెక్క చూడండి. మూడు పేర్లను ఆరు విధాలుగా అమర్చవచ్చును. మూడుసార్లు నాణెం ఎగురవేస్తే ఎనిమిది ఫలితాలు. ఎనిమిది లడ్డూలను విరవకుండా ఆరుగురికి సమానంగా పంచగలమా? పంచలేము, ఇద్దరికైనా ఎక్కువ రావలసినదే, లేదా ఒకరికి మూడు రావలసినదే. నాణెం పదిసార్లు ఎగురవేసినా ఫలితాలు 1024. ఆరుచేత భాగిస్తే నాలుగు మిగులుతాయి. రెండును రెండుచేత ఎన్నిసార్లు గుణించినా ఆరుచేత నిశ్శేషంగా భాగింపబడే సంఖ్య రాదు. కావున ఈ మార్గంలో కొన్ని వరుసలు ఎక్కువగాను, కొన్ని తక్కువగాను వచ్చి తీరవలసిందే. దరఖాస్తుల పుస్తకంలో పేరు ఎక్కడ ఉన్నదో అనేదాని మీద ఒక బాలిక అదృష్టం కొంత ఆధారపడినదన్నమాట.

ఇది పసివాని పొరపాటని తీసివేయడానికి వీలు లేదు. 2010లో ఐరోపాలో మైక్రోసాఫ్ట్ వారు, అక్కడి అధికారులతో కుదిరిన ఒప్పందాన్ని అనుసరించి, వాడుకరులకు వివిధ బ్రౌజర్లను యాదృచ్ఛిక వరుసలో చూపే ఒక పుట పెట్టారు. అందులో ముఖ్యమైన ఐదింటి వరుస సమానంగా మారడం లేదని చూచినవారు లెక్కగట్టి చూపారు. కారణం సరిగ్గా ఈ పొరపాటే. తరువాత వారు దానిని సరిదిద్దారు.

ఇటువంటిదే మరొక లోపమున్నది. యంత్రం ఒక బైటు సంఖ్యను ఇచ్చినదనుకొనండి. అది 0 నుండి 255 వరకు, అనగా 256 విలువలలో ఏదైనా కావచ్చును. దానిని 60చేత భాగించి శేషాన్ని బట్టి ఒక పేరు తీయడం చాలామంది చేసే పని. 60ని నాలుగింతలు చేస్తే 240. మిగిలిన 16 విలువలు మొదటి 16 పేర్లకే పోతాయి. అందరికీ నాలుగేసి అవకాశాలుంటే, పట్టికలో ముందున్న ఆ పదహారుగురికి మాత్రం ఐదు. సవరణ సులభమే: 240, అంతకు పైబడిన సంఖ్య వస్తే దానిని పారవేసి మరొకటి అడగవలెను. పీహెచ్‌పీలోని ర్యాండమ్ ఇంట్ ఈ జాగ్రత్త తనంతట తానే తీసుకొంటుంది.

మరి పేర్లను సరిగా కలపడం ఎట్లా? మన ఇళ్లలో పెద్దలు చేసే పనియే సరియైన పని. అరవై చీటీల కుండలోనుండి ఒకటి తీసి పక్కన పెట్టాలి, మిగిలిన యాభైతొమ్మిదిలోనుండి మరొకటి, పిమ్మట యాభైఎనిమిదిలోనుండి. 1938లో ఫిషర్, యేట్స్ అనే శాస్త్రజ్ఞులు దీనినే గ్రంథస్థం చేశారు. 1964లో డర్‌స్టెన్‌ఫెల్డ్ దీనిని కంప్యూటరుకు తగినట్లు మలిచాడు. ప్రోగ్రాంలో నాలుగైదు పంక్తులకు మించదు. తెలివితక్కువ మార్గం కంటె ఇది కష్టమేమీ కాదు, తెలుసుకోవడమే ఆలస్యం.

అయితే, సాధనాలన్నీ మంచివై, లెక్క అంతా సరిపోయినంత మాత్రాన గాజుల దుకాణం తండ్రికి జవాబు దొరికినట్లేనా? దొరకలేదని నా అభిప్రాయం. ఆయన అడిగినది సూత్రం మంచిదా కాదా అని కాదు. చెయ్యి ఎవరిది అని. న్యాయం జరగడం ఒక యెత్తు, జరిగినదని నష్టపోయినవాడు కూడా ఒప్పుకొనడం మరొక యెత్తు. గెలిచినవాడు ఏ పద్ధతినైనా మెచ్చుకొంటాడు. చీటీకి పరీక్ష ఓడినవాని మనస్సే.

మన దేశం ఈ సత్యాన్ని ఒకచోట బాగుగా గుర్తించినది. ఓటు యంత్రాల లెక్కను కాగితపు చీటీలతో సరిచూడడానికి ప్రతి శాసనసభా నియోజకవర్గ పరిధిలో ఐదు కేంద్రాలను తీసుకోవలెనని 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించినది. ఆ ఐదింటిని ఎంపిక చేసేది కంప్యూటరు కాదు. అభ్యర్థుల, వారి ఏజెంట్ల కళ్లముందు చేతితో చీటీలు తీస్తారు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం వారు మరొక అడుగు ముందుకు వేశారు. 2017నుండి అక్కడ ఎన్నికల అనంతరం తనిఖీ చేయవలసిన బ్యాలట్లను కంప్యూటరే ఎంపిక చేస్తుంది. కాని దానికి ఇచ్చే బీజాన్ని ప్రజల సమక్షంలో పది ముఖాల పాచికలను ఇరవైసార్లు వేసి నిర్ణయిస్తారు. బీజం అందరికీ తెలుసు. సూత్రం అందరికీ తెలుసు. కావున ఎవరైనా తమ ఇంట కూర్చుండి అదే జాబితా వస్తున్నదో లేదో చూచుకొనవచ్చును. బీజం తెలిస్తే వృక్షం తెలుస్తుందనే గుణం రహస్యపదాల విషయంలో దోషం. బహిరంగంగా వేసే చీటీ విషయంలో, బీజం ముందుగా ఎవరికీ తెలియనంతవరకు, అదే మహాగుణమైనది!

కావున మన కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఇది. వసతిగృహంలో గాని, ఫీజు సహాయంలో గాని, మరెక్కడనైనా గాని సమానుల మధ్య చీటీ వేయవలసి వచ్చినప్పుడు నాలుగు నియమాలు పాటింతుము గాక. మొదటిది: పేర్ల పట్టికను వరుససంఖ్యలతో ఒకరోజు ముందుగా గోడకు అంటించి, తప్పులన్నీ అప్పుడే సరిదిద్ది, ఆ పిమ్మట దానిని తాకరాదు. రెండవది: ప్రోగ్రాంను కూడా పట్టిక పక్కనే అంటించవలెను; పీహెచ్‌పీ 8.2లో, అనగా 2022నుండి, మనం ఇచ్చిన బీజంతో పేర్లను సమానంగా కలిపే సాధనం సిద్ధంగానే ఉన్నది. మూడవది: దరఖాస్తు చేసినవారి సమక్షంలో, ప్రోగ్రాం వ్రాయనివారు, మామూలు ఆరు ముఖాల పాచికను పద్దెనిమిదిసార్లు వేసి ఆ అంకెలను నల్లబల్లపై వ్రాయవలెను. వచ్చే పద్దెనిమిది అంకెల సంఖ్యకు కోటి కోట్లకు పైచిలుకు అవకాశాలున్నవి. దానిని ముందుగా ఊహించడం ఎవరి తరమూ కాదు. నాలుగవది: మీట ఒక్కసారే నొక్కవలెను, వచ్చినదే తీర్పు. బీజాన్ని, జాబితాను మినిట్సు పుస్తకంలో వ్రాసి సంతకాలు తీసుకోవలెను.

ఇంత హంగామా ఎందుకు, అరవై పేర్లకు కాగితపు చీటీలు చాలవా అని అడిగేవారుంటారు. నిస్సందేహంగా చాలును. కుండ అందరికీ కనబడితే నాకు యంత్రం అక్కరలేదు. కాని పేర్లు వేలకు చేరినప్పుడు కుండ చాలదు. యంత్రం వాడదలచుకొన్నప్పుడు దానిని కుండంత బహిరంగంగా ఉంచవలెనన్నదే నా వాదం. చీటీ వేయడమే తప్పు, అవసరాన్ని బట్టి ఇవ్వవలెను అనేవారు మరికొందరు. వారి మాటలో సత్యమున్నది. అనాథ బాలికను, సంపన్నుని కుమార్తెను ఒకే కుండలో వేయడం న్యాయం కాదు. నిర్ణయించే బాధ్యతనుండి తప్పించుకొనడం. ముందు విచారణ జరగవలెను. విచారణ తరువాత కూడా సమానులుగా మిగిలినవారి మధ్యనే చీటీ.

విద్యార్థులారా, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి ప్రపంచ గణాంకశాస్త్రానికే తలమానికమైన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు 2023లో, నూటరెండేండ్ల వయస్సులో, మన మధ్యనుండి వెళ్లిపోయారు. అనిశ్చితికి భయపడక దానిని కొలిచి సత్యానికి సాధనంగా వాడుకొనవచ్చునని ఆయన జీవితకాలపు కృషి మనకు నేర్పినది. ఆ దారిలో మీరు వేసే మొదటి అడుగు చాలా చిన్నది కావచ్చును. మీరు వ్రాసిన ప్రోగ్రాంను వేయిసార్లు నడిపించి, ప్రతి పేరు ఎన్నిసార్లు ముందుకు వచ్చినదో లెక్కగట్టి చూడండి. ఒక సాయంకాలపు పని. ఆనాడు ఆ విద్యార్థి ఈ ఒక్క పని చేసి ఉండినా లోపం బయటపడి ఉండేది. అతనికి ఆ మాట చెప్పవలసిన పెద్దలం మేము చెప్పలేదు. తప్పు అతనిది కాదు, మాది.

ఆ బాలిక ఆ సంవత్సరం రోజూ రెండు బస్సులు మారి కళాశాలకు వచ్చి చదువుకొన్నది. నేను ఎదురుపడినప్పుడెల్లా నమస్కరించేది. ఆమె తండ్రి ప్రశ్నకు నేను బాకీపడిన జవాబు మాత్రం ఇన్నాళ్లకు దొరికినది. "ఎవరి చెయ్యీ కాదు, మీరే వచ్చి మీ చేతితో సరిచూచుకోండి" అని ఓడినవానితో కూడా ధైర్యంగా అనగలిగిననాడే యంత్రం చేత చీటీ తీయించే హక్కు మనకు కలుగుతుంది.